మలక్కాలో ఏది అసలు, ఏది నకలు?

మలేషియాలోని మలక్కా పాత ఊరు చాలా చిన్నది. నది ఒడ్డున నిలబడితే ఎదురుగా ఎర్రటి డచ్ భవనాలు, వాటి వెనక చర్చి శిథిలాలున్న గుట్ట కనిపిస్తాయి. గుట్ట అవతలివైపు దిగితే పోర్చుగీసు కోట ద్వారం, దాని పక్కనే మలయ్ సుల్తాను రాజప్రాసాదం ఉంటాయి. వంతెన దాటితే చైనా వ్యాపారుల పాత ఇళ్లు. అంతా నడిచి తిరిగే దూరమే. ఈ కాస్త చోటులోనే డజనుకు పైగా మ్యూజియంలున్నాయి. కౌలాలంపూర్ నుంచి బస్సులో రెండు గంటల ప్రయాణం కాబట్టి చాలామంది పొద్దున వచ్చి, ఎదురుపడ్డ మ్యూజియంలోకి దూరి, సాయంత్రం జోంకర్ వీధిలో తినేసి రాత్రికి వెళ్లిపోతారు.

అలా చూసినవాళ్లకి ఒక అయోమయం మిగులుతుంది. ఒక చోట పోర్చుగీసువాళ్లు ఊరిని దోచుకున్న దురాక్రమణదారులు. ఇంకో చోట అదే పోర్చుగీసువాళ్ల ఓడను నిలువెత్తున కట్టి నిలబెట్టారు. రాజప్రాసాదం ఐదారొందల ఏళ్ల నాటిదనుకుని లోపలికి వెళ్తే అది 1980లలో కట్టిందని తెలుస్తుంది. డచ్చివాళ్ల భవనాలకున్న ఎరుపు డచ్చివాళ్లు వేసింది కాదు. వలస పాలన చూసిన పాత ఊళ్లలో ఎక్కడికి వెళ్లినా ఇలాంటి చిక్కుముడే ఎదురవుతుంది. మలక్కా ముగ్గురు యూరోపియన్ దొరల చేతులు మారిన ఊరు కాబట్టి ఇక్కడ ముడి ఇంకా గట్టిగా పడింది.

దాన్ని విప్పడానికి నాకు పనికొచ్చిన ప్రశ్న ఒక్కటే. కళ్ల ముందున్నది ఎందుకు మిగిలింది, కనిపించనిది ఎందుకు మిగల్లేదు? మలక్కాలో గెలిచి ఏలినవాళ్లు రాతితో కట్టారు. ఓడిపోయినవాళ్ల రాచనగరు చెక్కతో కట్టినది. రాయి నిలిచింది, చెక్క పోయింది. ఇక్కడి మ్యూజియంలు ఏం చూపించాలన్నా ఈ తేడాతోనే మొదలుపెట్టాలి.

ఊరి కథ క్లుప్తంగా

1400 ప్రాంతంలో పరమేశ్వర అనే సుమత్రా రాకుమారుడు ఈ నది ముఖద్వారం దగ్గర స్థిరపడ్డాడు. ఆయన ఒక చెట్టు నీడన ఉండగా చిట్టి మూషిక జింక ఒకటి వేటకుక్కను ఎదిరించి నీళ్లలోకి తన్నిందనీ, ఇంత తెగువ ఉన్న నేల మంచిదని అక్కడే రాజ్యం పెట్టాడనీ చెబుతారు. కుందేలు వేటకుక్కల మీద తిరగబడిన చోట విజయనగరం వెలిసిందన్న కథ విని పెరిగిన మనకి ఇది కొత్తగా అనిపించదు. ఆయన కూర్చున్న చెట్టు పేరే ఊరికి పెట్టారట. అది మన ఉసిరి చెట్టే.

ఊరు ఎదగడానికి మాత్రం గాలి కారణం. మన వైపు నుంచి వెళ్లే ఓడలు నైరుతి గాలిని పట్టుకుని చేరేవి, చైనా ఓడలు ఈశాన్య గాలితో దిగేవి. తిరుగు గాలి వీచేదాకా అందరూ ఎక్కడో ఒక చోట ఆగాలి. మలక్కా జలసంధి ఇరుకైన చోట ఉన్న ఈ రేవు అందుకు అన్ని విధాలా కుదిరింది. గుజరాతీలకు ఒకరు, కోరమాండల్, బెంగాల్, బర్మాలోని పెగు వైపు నుంచి వచ్చేవాళ్లకు ఒకరు, జావా, మలుకు దీవుల వాళ్లకు ఒకరు, చైనావాళ్లకు ఒకరు చొప్పున నలుగురు రేవు అధికారులుండేవారు. వాళ్లను షాబందర్లనేవారు. పోర్చుగీసువాళ్లు వచ్చిన కొత్తలో ఇక్కడ పనిచేసిన తోమే పిరెస్ ఈ రేవులో 84 భాషలు వినిపిస్తాయని రాశాడు.

1511లో పోర్చుగీసు సేనాని అఫోన్సో డి అల్బుకెర్క్ ఊరిని పట్టుకున్నాడు. 1641లో జొహోర్ సుల్తాను సాయంతో డచ్ ఈస్టిండియా కంపెనీ పోర్చుగీసువాళ్లను వెళ్లగొట్టింది. 1795లో, యూరప్ యుద్ధాల సమయంలో, బ్రిటిష్‌వాళ్లు వచ్చి కూర్చున్నారు. 1818లో ఊరు తిరిగి డచ్చివాళ్లకు వెళ్లింది. 1824 ఒప్పందంలో బ్రిటిష్‌వాళ్లు సుమత్రాలోని తమ బెంకూలెన్‌ను డచ్చివాళ్లకిచ్చి మలక్కాను తీసుకున్నారు. రెండు కంపెనీల దేశాలు బల్ల మీద పటం పరుచుకుని ఊళ్లు మార్చుకున్నాయి. ఇక్కడి జనాన్ని ఎవరూ ఒక్క మాటైనా అడగలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఆక్రమణ, 1957 ఆగస్టు 31న స్వాతంత్ర్యం ఆ తర్వాతి సంగతులు.

ఇంతమంది చేతుల్లో పడ్డాక కూడా పాత ఊరు ఎలా మిగిలిందంటే, వ్యాపారం తప్పిపోవడం వల్ల. డచ్చివాళ్లకు బటావియా, అంటే ఇప్పటి జకార్తా, ముఖ్యం. మలక్కా దానికి పోటీగా పెరగకుండా సరుకును అటు మళ్లించారు. 1819లో సింగపూర్ రేవు మొదలయ్యాక మిగిలిన ఓడలు కూడా అక్కడికే పోయాయి. పాతవి కూల్చి కొత్తవి కట్టేంత డబ్బు చాలాకాలం ఈ ఊరికి రాలేదు. 2008లో పెనాంగ్‌లోని జార్జ్ టౌన్‌తో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ఆ రాబడి లేని రోజులు కాపాడిన ఊరినే.

ఒక్క ద్వారంలో ఎన్ని చేతులు

మలక్కాలో నేను ఎక్కువసేపు నిలబడమని చెప్పే చోటు ఏ మ్యూజియం లోపలా లేదు. అది గుట్ట కింద ఆరుబయట ఉన్న పోర్చుగీసు కోట ద్వారం, పోర్తా డి సాంటియాగో. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లు దాని కింద ఫొటో దిగి వెళ్లిపోతారు. నాలుగడుగులు వెనక్కి వేసి తీరిగ్గా చూడండి.

అల్బుకెర్క్ ఊరు పట్టుకోగానే కోట మొదలుపెట్టాడు. రాయి కోసం మసీదును, సుల్తానుల సమాధులను పడగొట్టించాడు. అంటే ఓడిన ఊరి దైవస్థలం, పూర్వీకుల సమాధులు గెలిచినవాడి గోడలైపోయాయి. ఆ కోటకే ఎ ఫమోసా అని పేరు. తర్వాత డచ్చివాళ్లు దెబ్బతిన్న కోటను బాగుచేసి, ఈ ద్వారం నెత్తిన తమ కంపెనీ ముద్రను, 1670 అన్న సంవత్సరాన్ని చెక్కించారు. తలెత్తితే అది ఇప్పటికీ కనిపిస్తుంది. పోర్చుగీసు ద్వారమని అందరూ చెప్పే దాని మీద కనిపించే గుర్తులు డచ్చివాళ్లవి.

తర్వాత వంతు బ్రిటిష్‌వాళ్లది. 1795లో వాళ్లకి ఈ ఊరు అమానతుగా చేతికొచ్చింది, యుద్ధాలు ముగిశాక డచ్చివాళ్లకు తిరిగి ఇవ్వక తప్పదు. అంత బలమైన కోటను పదిలంగా తిరిగి అప్పగించడం వాళ్లకి ఇష్టం లేకపోయింది. తమ పెనాంగ్ రేవుకు పోటీగా మలక్కా ఉండటమూ వాళ్లకి నచ్చలేదు. అందుకే 1807 నాటికి బ్రిటిష్ అధికారి విలియం ఫార్కర్ చేతుల మీదుగా కోటను మందుగుండు పెట్టి పేల్చారు. ఇదే ఊళ్లో పుట్టిన మలయ్ రచయిత మున్షీ అబ్దుల్లా చిన్నతనంలో అది చూశాడు. ఏనుగులంత, ఇళ్లంత రాతి ముక్కలు ఎగిరి సముద్రంలో పడ్డాయని తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. 1808లో మలక్కా వచ్చిన బ్రిటిష్ అధికారి స్టామ్‌ఫర్డ్ రాఫిల్స్ ఊరిని ఖాళీ చేయించే ఆలోచన మానుకోమని పైవాళ్లకు గట్టిగా రాశాడు. అప్పటికి కోటలో మిగిలింది దాదాపు ఈ ద్వారమే.

సుల్తానుల కాలపు రాయి, పోర్చుగీసు కట్టడం, డచ్ ముద్ర, బ్రిటిష్ మందుగుండు అన్నీ ఈ ఒక్క ద్వారం కథలోనే ఉన్నాయి. ఏ గాజు పెట్టెలోని వస్తువూ ఇంత చెప్పదు. ఇంకో సంగతి. ఒకప్పుడు ఈ గోడలకు సముద్రం దగ్గరగా ఉండేది. ఇప్పుడు చుట్టూ రోడ్లు, మాల్స్, మైదానం. సముద్రాన్ని పూడ్చి నేల చేశారు. కోట ఇక్కడెందుకు కట్టారో అర్థం కావాలంటే ముందున్న మాల్స్ చోట నీళ్లను ఊహించుకోవాలి.

నేల కింద ఇంకా ఏముందో 2006లో కొంత తెలిసింది. ఊరు చుట్టూ చూపించే తిరిగే టవర్ కోసం తవ్వుతుంటే పాత కోట బురుజు పునాదులు బయటపడ్డాయి. టవర్‌ను వేరే చోటికి మార్చి, బురుజును పునాది మీద తిరిగి కట్టారు. నది పక్కన కనిపించే మిడిల్‌బర్గ్ బురుజు అదే. కింది వరసలు అసలువి, పైవి కొత్తవి. టవర్‌ను పక్కకి జరిపి పునాదిని ఉంచినందుకు ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లను మెచ్చుకోవాలి.

నకళ్లు ఎందుకు కట్టారు

ద్వారం పక్కనే సుల్తాను రాజప్రాసాదం మ్యూజియం. పొడుగ్గా, ఎత్తైన స్తంభాల మీద నిలబెట్టిన చెక్క భవనం, ఒకదాని వెనక ఒకటిగా లేచిన కప్పులు. 1459 నుంచి 1477 దాకా ఏలిన సుల్తాన్ మన్సూర్ షా ప్రాసాదానికి ఇది నకలు. 1980ల నడుమ కట్టారు. మలయ్ రాజవంశ గాథల్లో ఆ ప్రాసాదం వర్ణన ఉంది. దాన్ని ఆధారం చేసుకుని, మేకులు వాడకుండా, చెక్కను చెక్కలో బిగించే పాత పద్ధతిలో నిలబెట్టారు. చెప్పులు విప్పి నడుస్తుంటే కాలికి ఆ చెక్క నునుపు తగులుతుంది.

నకలు కదా అని దీన్ని వదిలేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. గుట్ట మీద అసలు రాచనగరు 1511 తర్వాత మిగల్లేదు, దాని చోట కోట, చర్చి వచ్చాయి. డచ్చి గవర్నరు ఇల్లు నిలిచింది, బ్రిటిష్ క్లబ్బు నిలిచింది, ఆ ఊరిని పెంచిన రాజుల ఇల్లు నిలవలేదు. మిగిలినవాటినే అసలు చరిత్ర అనుకుంటే గెలిచినవాళ్ల చరిత్రే మన చేతికొస్తుంది. ఈ ప్రాసాదం నకలైనా ఖాళీ అయిపోయిన చోటు ఎంత పెద్దదో కంటికి ఆనేలా చూపిస్తోంది. చూసేటప్పుడు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. ఇది తవ్వకాల్లో దొరికిన కొలతల ప్రకారం కట్టింది కాదు, మాటల్లోని వర్ణన నుంచి లేచింది.

లోపల ఎక్కువమంది ఆగేది హాంగ్ తువా, హాంగ్ జెబాత్‌ల పోరు దృశ్యం దగ్గర. ఇద్దరూ ప్రాణస్నేహితులైన వీరులు. తువా మీద చాడీలు విని సుల్తాను అతనికి మరణశిక్ష వేస్తాడు. మంత్రి అతన్ని చంపకుండా దాచిపెడతాడు. స్నేహితుణ్ని అన్యాయంగా చంపారని జెబాత్ తిరగబడి ప్రాసాదాన్నే పట్టుకుంటాడు. అప్పుడు సుల్తాను తువాను పిలిపిస్తాడు, తువా వచ్చి తన కోసం తిరగబడినవాణ్నే చంపుతాడు. తరాల పాటు తువా స్వామిభక్తికి ఆదర్శం. స్వాతంత్ర్యం వచ్చాక మలయ్ రచయితలు, నాటకకర్తలు జెబాత్ వైపు నుంచి కూడా ఆలోచించారు. రాజు తప్పు చేస్తే ఎదిరించకూడదా అని అడిగారు. ఇద్దరూ నిజంగా ఉన్నారా అన్నదాని మీద చరిత్రకారులు వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదన ఎటు తేలినా, అధికారం గురించి మలయ్ సమాజం తనలో తాను చేసుకున్న వాదం ఈ ఇద్దరి కథలో ఉంది. బొమ్మల్ని చూసి ముందుకు కదిలే ముందు, మీరు ఎవరి పక్షమో కాస్త ఆలోచించుకోండి.

రెండో పెద్ద నకలు నది పక్కనున్న ఓడ. సముద్రయాన మ్యూజియాన్ని ఫ్లోర్ డి లా మార్ అనే పోర్చుగీసు ఓడ ఆకారంలో కట్టారు. పొడవు 36 మీటర్లు, ఎత్తు 34 మీటర్లు. పిల్లలకి బాగా నచ్చుతుంది. ఎక్కే ముందు అసలు ఓడ ఏం మోసిందో తెలిసి ఉండాలి. 1511లో ఊరు పట్టుకున్నాక అల్బుకెర్క్ మలక్కాలో దోచిన సొమ్మును ఈ ఓడకెత్తించి గోవాకు బయల్దేరాడు. సుమత్రా తీరం దాటకముందే తుపానులో ఓడ విరిగి మునిగింది. అల్బుకెర్క్ బతికి బయటపడ్డాడు, సొమ్ము సముద్రంలో పోయింది. ఆ శిథిలాల కోసం ఎంతమంది వెతికినా ఇప్పటిదాకా ఖాయంగా దొరకలేదు. అంటే ఈ ఊరు తన రెండు నకళ్లనూ 1511లో పోగొట్టుకున్నవాటి గుర్తుగానే కట్టుకుంది. ఒకటి రాజు ఉన్న ఇల్లు, ఇంకొకటి ఆ ఊరి సొమ్మును మింగిన ఓడ. మొదట్లో చెప్పిన వైరుధ్యం ఇలా చూస్తే వీడిపోతుంది. ఓడను కట్టింది పోర్చుగీసువాళ్లను పొగడటానికి కాదు.

ఓడ నుంచి దిగాక నదిని కూడా ఒకసారి చూడండి. 1511 దాడిలో అసలు పోరాటం ఊరి రెండు సగాలను కలిపే వంతెన కోసమే జరిగింది. వంతెన కంటే ఎత్తున్న ఓడ ఒకదాన్ని సైనికులతో నింపి, పోటు వచ్చినప్పుడు నదిలో పైకి నడిపి, పోర్చుగీసువాళ్లు వంతెనను పట్టుకున్నారు. ఇప్పుడు డచ్ చౌరస్తా నుంచి జోంకర్ వీధికి దాటే వంతెన ఇంచుమించు ఆ ప్రాంతంలోదే.

ఎర్ర భవనంలో

స్టాడ్‌హౌస్ 1650 ప్రాంతంలో డచ్ గవర్నరు కోసం, కంపెనీ కార్యాలయాల కోసం కట్టిన భవనం. ఆ తర్వాత బ్రిటిష్ పాలనలోనూ, స్వతంత్ర మలేషియాలోనూ 1979 దాకా ప్రభుత్వ ఆఫీసుగానే ఉంది. 1982 నుంచి చరిత్ర, జాతుల మ్యూజియం. మొదట్లో భవనం రంగు తెలుపు, ఎరుపు బ్రిటిష్ కాలంలో వేసింది. పక్కనున్న క్రైస్ట్ చర్చి కథా అంతే. డచ్చివాళ్లు ఊరు పట్టుకుని నూరేళ్లయిన సందర్భంగా 1741లో మొదలుపెట్టి 1753లో పూర్తి చేశారు. 1838లో ఆంగ్లికన్ చర్చి అయింది.

ఈ మ్యూజియంలో ప్యానెళ్లు చాలా ఎక్కువ. అన్నీ చదవాలని పట్టుపడితే గంటలో అలిసిపోతారు. నా సలహా ఏమిటంటే చదవడం తగ్గించి గోడల్ని చూడమని. కిటికీ దగ్గర నిలబడితే గోడ మందం తెలుస్తుంది. అది ఎండ కోసం కట్టిన మందం మాత్రమే కాదు, జనాన్ని చూసి భయపడే పాలకుల మందం కూడా. బరువైన తలుపులు, ఎత్తైన చెక్క కప్పు, బయటి మెట్లు చూస్తే కంపెనీ ఉద్యోగి ఎలా బతికాడో కాస్త తెలుస్తుంది. బయటికొచ్చి క్రైస్ట్ చర్చిలోకి వెళ్లి తల పైకెత్తండి. గోడ నుంచి గోడ దాకా పరిచిన దూలాల్లో ఒక్కొక్కటి ఒకే చెట్టు నుంచి తీసింది, అతుకు లేదు. అంత పెద్ద చెట్లను అడవి నుంచి లాగి తెచ్చినవాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు.

గుట్ట మీది సెయింట్ పాల్ చర్చిని 1521లో పోర్చుగీసువాళ్లు ప్రార్థన మందిరంగా మొదలుపెట్టారు. చైనా తీరంలో చనిపోయిన క్రైస్తవ మత ప్రచారకుడు ఫ్రాన్సిస్ జేవియర్ దేహాన్ని 1553లో గోవాకు తీసుకెళ్లే ముందు కొన్నాళ్లు ఇక్కడే పాతిపెట్టారు. డచ్చివాళ్లు కింద కొత్త చర్చి కట్టుకున్నాక దీని అవసరం తీరిపోయింది, బ్రిటిష్‌వాళ్లు మందుగుండు దాచుకున్నారు. ఇప్పుడు కప్పులేని గోడలకు ఆనించిన పెద్ద పెద్ద సమాధి రాళ్లున్నాయి. గుట్ట దిగువన డచ్ శ్మశానమని పేరున్న చోట డచ్చి సమాధులు ఐదే, బ్రిటిష్‌వి 33. మలక్కాలో పేరు పలకను చివరి మాటగా తీసుకోకూడదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

గుట్ట చుట్టూ ఇంకా బోలెడున్నాయి. సాహిత్యం, ఇస్లాం, వాస్తుశిల్పం, స్టాంపులు, గాలిపటాలు, అందం, ఇలా ఒక్కో దానికి ఒక్కో మ్యూజియం. ఆసక్తి ఉంటే తప్ప వాటిని వదిలేయొచ్చు. ద్వారానికి ఎదురుగా ఉన్న స్వాతంత్ర్య ప్రకటన స్మారక మందిరాన్ని మాత్రం వదలకండి. 1912లో కట్టిన ఆ భవనం బ్రిటిష్ దొరలు, తోటల యజమానులు సాయంత్రాలు గడిపిన మలక్కా క్లబ్. లండన్ చర్చల నుంచి తిరిగొచ్చిన మలయా నాయకుడు టుంకు అబ్దుల్ రహమాన్ 1956 ఫిబ్రవరి 20న స్వాతంత్ర్యం వచ్చే తేదీని ప్రకటించింది ఈ ఊళ్లోనే. ఆ కథ చెప్పడానికి దొరల క్లబ్బునే ఎంచుకోవడం ఎంతో ఆలోచించి చేసిన పని.

వంతెన అవతల

నదికి ఇవతల పాలకుల కట్టడాలు, అవతల కుటుంబాల ఇళ్లు. ఇక్కడ ముఖ్యమైనది బాబా న్యోన్యా మ్యూజియం. చైనా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడి, మలయ్ భాషను, వంటను, కట్టును తమవి చేసుకున్న కుటుంబాలను పెరనకన్‌లంటారు. మగవాళ్లు బాబాలు, ఆడవాళ్లు న్యోన్యాలు. ఈ మ్యూజియం ప్రభుత్వం కట్టింది కాదు. చాన్ అనే కుటుంబం తరాలుగా ఉన్న ఇల్లు, ఆ కుటుంబమే 1980లలో జనానికి తెరిచింది.

తేడా లోపలికి అడుగు పెట్టగానే తెలుస్తుంది. ముత్యపు చిప్ప పొదిగిన నల్ల చెక్క కుర్చీలు, పూర్వీకుల పూజాపీఠం, వానా వెలుతురూ నేరుగా పడేలా తెరిచి ఉంచిన నడిమి చావడి ఉంటాయి. మన మండువా లోగిలి చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. చెక్కిన మెట్లు ఎక్కితే పైన అడ్డంగా మూసి గడియ పెట్టుకునే తలుపుంది, రాత్రి దొంగలు పైకి రాకుండా. మేడ గది నేలలో చిన్న రంధ్రం ఉంది. కింద గుమ్మంలోకి ఎవరొచ్చారో ఆడవాళ్లు అందులోంచి చూసుకునేవారు. ఆ రంధ్రం దగ్గర ఒంగి చూస్తే, పరాయి మగవాళ్ల ముందుకు రాకూడదని పెంచిన ఆడపిల్లలకి బయటి ప్రపంచం ఎంత కనిపించిందో మనకీ అంతే కనిపిస్తుంది. గైడ్‌తో కలిసి చూడండి, గైడ్ లేకపోతే ఇలాంటివి కంటికి ఆనవు.

ఈ వీధి పేరు ఇప్పుడు టున్ టాన్ చెంగ్ లాక్ వీధి, డచ్చి కాలంలో హీరెన్ వీధి. ఒకవైపు ఇళ్ల వెనకభాగం నేరుగా సముద్రంలోకి తెరుచుకునేది. ఇదే వీధిలో 8వ నంబరు ఇంటిని మలేషియా వారసత్వ పరిరక్షణ సంస్థ బాగుచేసి నమూనాగా చూపిస్తోంది. చాన్ కుటుంబం ఇల్లు కలిగినవాళ్లది, ఇది మామూలు ఇల్లు. సున్నం గోడ, పెంకు, చెక్క మెట్టు ఎలా కట్టారో, ఎలా మరమ్మతు చేశారో ఇక్కడ తెలుస్తుంది. రెండూ వెంటవెంటనే చూస్తేనే వీధి పూర్తిగా కళ్లకు కడుతుంది.

వీధి నిజంగా మారింది మాత్రం ఈమధ్యే. పాత ఇళ్ల అద్దెలు పెంచకుండా కాపాడిన చట్టాన్ని ఎత్తేయడం 2000 నుంచి అమల్లోకి వచ్చింది. తరాలుగా చిన్న అద్దెకు ఉన్న కంసాలులు, వడ్రంగులు, కుటుంబాలు ఖాళీ చేశారు, కెఫేలు, హోటళ్లు వచ్చాయి. వారసత్వ నగరం అన్న గుర్తింపు గోడల్ని కాపాడింది, గోడల మధ్య బతికినవాళ్లను కాపాడలేకపోయింది. నాకు మలక్కాలో ఎక్కువ బాధనిపించే విషయం ఇదే.

కనిపించని మనుషులు

సుల్తానుల రోజుల్లోనే కోరమాండల్ తీరం నుంచి వచ్చిన వ్యాపారులు ఈ రేవులో పెద్దమనుషులు. వాళ్లను కెలింగ్‌లనేవారు. పులికాట్, మచిలీపట్నం వంటి రేవుల నుంచి వెళ్లిన అద్దకపు బట్టలకు తూర్పు దీవుల్లో ఎంత గిరాకీ అంటే, సుగంధ ద్రవ్యాల దీవుల్లో బట్టే డబ్బులా చెల్లేది. మలక్కాలో బందీలైన పోర్చుగీసువాళ్లకు సాయం చేసిన నీనా చాటు అనే కెలింగ్ వ్యాపారిని 1511 తర్వాత కొత్త పాలకులు పెద్ద పదవిలో కూర్చోబెట్టారు. 1514లో ఆ పదవి తీసేస్తున్నారని తెలిసి ఆయన చితి పేర్పించుకుని అందులోకి దూకాడు. గెలిచినవాడి పక్షాన చేరిన స్థానికుడి బతుకు ఎలా ముగిసిందో చెప్పే ఈ కథకు ఇంకా పెద్ద చోటు దక్కాలి.

ఆ వ్యాపారుల వారసుల్లో కొందరు ఇక్కడి ఆడవాళ్లను పెళ్లాడి చిట్టీలనే సమాజమయ్యారు. ఇంట్లో మాట్లాడేది మలయ్, కొలిచేది హిందూ దేవుళ్లను. 1781లో వాళ్లు కట్టిన శ్రీ పొయ్యాత మూర్తి వినాయకుడి గుడి జోంకర్ వీధికి దగ్గర్లోనే ఉంది. అదే వీధి వరసలో కంపుంగ్ క్లింగ్ మసీదు, చెంగ్ హూన్ తెంగ్ చైనా గుడి. మసీదు మినారు పగోడాలా అంతస్తులుగా ఉంటుంది. ఊరికి కాస్త ఎడంగా, గజ బెరంగ్‌లోని చిట్టీల పేటలో వాళ్ల చిన్న మ్యూజియం ఉంది. బస్సుల్లో వచ్చే గుంపులు అటు వెళ్లవు.

ఇంకొందరికి ఆ చిన్న మ్యూజియం కూడా లేదు. డచ్ కంపెనీ మలక్కా, బటావియాల్లో బానిసల చేత పని చేయించింది. కోరమాండల్ తీరంలో కరువులొచ్చినప్పుడు ఆకలికి అమ్ముడుపోయినవాళ్లను కొని ఓడల్లో తూర్పుకు పంపింది. మాజెల్లాన్ లోకం చుట్టే యాత్రలో దుభాషిగా వెళ్లిన ఎన్రిక్ కూడా 1511లో మలక్కాలో బానిసగా అతని చేతికి చిక్కినవాడే. గవర్నరు గదుల్లో పింగాణీ పళ్లేలు చూసేటప్పుడు ఆ పళ్లేలు తోమినదెవరని మనమే అడగాలి.

ఒక్క రోజే ఉంటే ఇలా తిరగమంటాను. ఎండ ముదరకముందు గుట్ట మీది చర్చి, అక్కణ్నుంచి దిగి ద్వారం, పక్కనే రాజప్రాసాదం, ఎదురుగా స్వాతంత్ర్య మందిరం. మధ్యాహ్నం ఎండలో స్టాడ్‌హౌస్ చల్లటి గోడల మధ్య ఒక గంట. తర్వాత వంతెన దాటి బాబా న్యోన్యా ఇల్లు, 8వ నంబరు ఇల్లు, గుడి, మసీదు. ఓడను పిల్లలుంటే కలుపుకోండి. కొన్నింటికి విదేశీయుల టిక్కెట్టు వేరుగా ఉంటుంది, వారంలో ఒక రోజు మూసే మ్యూజియంలూ ఉంటాయి, బయల్దేరే ముందు కనుక్కోండి. రెండో రోజు కూడా ఉండగలిగితే చిట్టీల పేటకు వెళ్లండి, అక్కడివాళ్లతో మాట్లాడండి.